సూరమ్మ పెట్టిన కళ్ళ నిధి

అనగనగా గోదారి గట్టు దిగువన ఒక లేసుల ఊరు. ఆ ఊళ్ళో ఆడవాళ్ళంతా అరుగుల మీద చేరి తెల్లదారంతో లేసు అల్లేవాళ్ళు. చేతులు అల్లుతుంటే నోళ్ళు ఊరుకుంటాయా? ఊరి కబుర్లన్నీ అక్కడే తెగేవి.

వాళ్ళందరిలోకీ చెయ్యి తిరిగిన మనిషి సూరమ్మ. మొగుడు లేడు, పిల్లలు లేరు. ఉన్నదల్లా పుట్టింటివాళ్ళిచ్చిన కొబ్బరితోట.

సన్నపని కదూ తల్లీ, నలభై దాటేసరికి ఒక్కొక్కరికే కళ్ళలో పొర కమ్మేది. ఆ రోజుల్లో ఆపరేషనంటే కాకినాడ వెళ్ళాలి. అంత డబ్బు ఎవరి దగ్గరుంది? పక్కింటి మాచరమ్మ తన మనవరాలి మొహం చేత్తో తడిమి చూసుకుంటుంటే సూరమ్మ కంటపడింది. ఆ మర్నాడే తోట అమ్మేసింది. వచ్చిందంతా నిధిగా ఉంచమని ముగ్గురు పెద్దమనుషుల చేతుల్లో పెట్టింది.

"లేసు అల్లేవాళ్ళ కళ్ళకి తప్ప దీన్ని ఇంకెందుకూ వాడొద్దు. నాకూ నా చుట్టాలకీ ఒక్క పైసా ముట్టకూడదు. అలాగే రాయించండి" అంది.

ఎందుకంటావా? తోట మీద కన్నేసిన తమ్ముడొకడున్నాడు సూరమ్మకి. వాణ్ణి ఆపుదామని తన తలుపు కూడా తనే వేసుకుంది, పిచ్చిది.

పెద్దమనుషులు పొంగిపోయారు. ఆ మాట నాపరాయి మీద చెక్కించి, నిధి ఆఫీసు గుమ్మం పక్కన పాతించారు.

అప్పుడు మాచరమ్మకి ఒక కంటికి చూపొచ్చింది. ఆ తర్వాత ఇంకొకావిడకి. ఆ తర్వాత మరొకావిడకి. అలా ఏడాదికి ముగ్గురు చొప్పున అరుగుల మీద మళ్ళీ సూదులు ఆడాయి.

కొన్నేళ్ళకి సూరమ్మ కళ్ళే మసకేశాయి. డాక్టరు చూసి, "వానాకాలం వెళ్ళేలోగా చెయ్యాలి. ఆలస్యమైతే లోపలి నరం చచ్చిపోతుంది, ఇక ఆపరేషన్ చేసినా చూపు రాదు" అన్నాడు.

అప్పుడు సూరమ్మ నిధి ఆఫీసుకి వెళ్ళింది. పెద్దమనుషుల్లో పెద్దాయన రామేశంగారు లేచి, తన కుర్చీ ఇచ్చి కూర్చోబెట్టారు.

"అక్కయ్యా, రాతి మీద ఉన్నది నీ మాటే. అది మేం దాటితే నిన్ను అవమానించినట్టు కాదూ?"

వారం తర్వాత మళ్ళీ వెళ్ళింది. "నా మాటేగా రామేశం, నేనే మార్చమంటున్నా."

"ఇవాళ నీకు మారిస్తే రేపు మీ తమ్ముడొచ్చి కూర్చుంటాడు. వాడికేం చెప్పమంటావ్?"

సూరమ్మ గోడ తడుముకుంటూ బయటికొచ్చేసింది.

ఆ తర్వాత మూడోసారి మాచరమ్మే ఆడవాళ్ళని వెంటేసుకుని వెళ్ళింది. "బాబుగారూ, మేమే తలా కాస్త వేసుకుని సూరమ్మని కాకినాడ పంపిస్తాం" అంది.

రామేశంగారికి కోపం వచ్చింది. "ఊరందరికీ కళ్ళిచ్చిన మహాతల్లికి చందాలెత్తుతారా! పక్కూళ్ళవాళ్ళు నవ్వరూ? ఈ మాట ఇంకెక్కడా అనకండి."

ఆ వచ్చినవాళ్ళలో ఒకత్తె అత్తగారి అర్జీ ఆయన బల్ల మీదే ఉంది. ఇంకొకత్తె చెల్లెలిదీ అక్కడే ఉంది. మాచరమ్మ రెండో కన్ను కూడా ఆ ఏడాది జాబితాలోనే ఉందమ్మా. ఎదురుచెబితే ఎవరి పేరు జారుతుందో! తలలొంచుకుని ఎవరి అరుగు వాళ్ళెక్కారు.

వానలు వెళ్ళిపోయాయి. దసరాకి పెద్దమనుషులు సభ పెట్టారు. సూరమ్మని చెయ్యి పట్టుకుని మెట్లెక్కించారు. దండ వేశారు, శాలువా కప్పారు.

"అక్కయ్యా, నీ వల్ల చూపొచ్చినవాళ్ళంతా ముందు వరసలో కూర్చున్నారు" అన్నారు రామేశంగారు, పొంగిపోతూ.

సూరమ్మ అటు మొహం తిప్పింది. "అవునా నాయనా? వాళ్ళకి నేను బాగా కనిపిస్తున్నానా?"

ముందు వరసంతా చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా కొట్టింది మాచరమ్మ.

ఏమన్నావ్? ఆ పెద్దమనుషులు చెడ్డవాళ్ళా అనా? కాదే పిల్లా. పైసా తినలేదు. అందరూ మంచివాళ్ళే. అదే నా కడుపుమంట. ఇక దుప్పటి కప్పుకో.

శాలువా పెట్టెలోకి,
చూపేమో చీకట్లోకి,
కథ కంచి ఊళ్ళోకి,
నువ్వు నా ఒళ్ళోకి.