రాజవృషభానికి విడిది

పాలూ పంటా పొంగే ఒకానొక రాజ్యాన్ని రుద్రమల్లుడు ఏలేవాడు. ఆయనకు ఆర్భాటమంటే ప్రాణం. ఆస్థానంలో పశువైద్యం చూసే కొమ్మనకు నోటిదురుసు. కానీ మూగజీవి కళ్లలోకి చూశాడంటే వెన్నలా మెత్తబడిపోయేవాడు.

ఒకసారి రాజు పరదేశపు సంతలో మల్లెపువ్వులాంటి ఆబోతును కొన్నాడు. దాన్ని కోటలోపల ఊరేగించేటప్పుడు ఇంటింటి పశువులూ ఎదురు రావాలని చాటింపు వేయించాడు.

కోటవాకిట దాన్ని చూడగానే కొమ్మన దారికి అడ్డంగా నిలబడ్డాడు. నోట చొంగ, నాలుక మీద పొక్కులు, గిట్టల మధ్య పుండ్లు.

"ప్రభూ, ఇది గాలికుంటు! లోపలికొస్తే ఊళ్లో పశువులన్నిటికీ అంటుకుంటుంది. దుక్కులు ఆగి రాజ్యం పస్తులుంటుంది."

"నా ఆబోతుకు రోగమా? ఇది నాతో సమానం. అడ్డొస్తే తల తీయిస్తా!"

కొమ్మన వాకిలి వదల్లేదు. ఒక్క క్షణం ఆలోచించి దండం పెట్టాడు.

"తమతో సమానమైతే మర్యాద తక్కువ చేస్తారా మహారాజా? పెళ్లికొడుకైనా నేరుగా ఇంట్లోకొస్తాడా? ఊరి బయట విడిది, ముహూర్తం, ఎదురుకోలు! ఇదేమన్నా మామూలు గొడ్డా, తోలుకొచ్చి కట్టేయడానికి?"

రాజు మీసం దువ్వాడు. "అవునోయ్! విడిది ఏర్పాటు చెయ్యి."

ఊరికి దూరంగా పందిరి లేచింది. బాకాలు మోగాయి. రాజవృషభం దరిదాపులకు వేరే పశువు రావడం మర్యాద కాదని కొమ్మన చాటించాడు. తానూ అక్కడే ఉండిపోయి పుండ్లు కడిగాడు, గంజి తాగించాడు. రాజు ముహూర్తం అడిగినప్పుడల్లా "ఇంకా కుదరలేదు ప్రభూ" అనేవాడు.

ఇంతలో వేగులవాళ్లు కబురు తెచ్చారు. అదే సంత నుంచి పశువుల్ని తోలుకెళ్లిన పొరుగు రాజ్యంలో ఒక్క నాగలీ కదలడం లేదట. రాజుకు అసలు సంగతి వెలిగింది. రుసరుసలాడుతూ విడిదికి వచ్చాడు.

"అంటే ఇన్నాళ్లూ నా ఆబోతును వెలివేశావన్నమాట!"

"వేశాను. మళ్లీ జబ్బుతో వస్తే మళ్లీ వేస్తాను. తల కావాలంటే తీసుకోండి. ముందు అటు చూడండి."

పొలాల్లో అరకలు బారులు తీరి సాగుతున్నాయి. పందిట్లో ఆబోతు పుండ్లన్నీ మాని తీరిగ్గా నెమరేస్తోంది.

రాజుకు కోపం నిలవలేదు. ఫక్కున నవ్వి మెడలో హారం తీసి కొమ్మన మెడలో వేశాడు. "ఇంకేం కావాలో కోరుకో."

"ఈ విడిదిని ఇలాగే ఉంచండి. రేపు ఏ పేదరైతు బక్కెద్దు జబ్బుతో వచ్చినా ఇదే పందిరి, ఇదే వైద్యం, ఇవే బాకాలు."

"బాకాలు కూడానా?"

"బాకాలు లేకపోతే తమరు ఒప్పుకున్నారా ప్రభూ?"

రాజు పొట్ట పట్టుకుని నవ్వి, బాకాలతో సహా మంజూరు చేశాడు.