టాకీసు గోడ మీది ఎండ

తాయారుకి నీడ రంగు కుదరడం లేదు.

వాళ్ల ఊళ్లో సీతారత్నం టాకీసుని మర్నాడు పొద్దున్నే కూలగొడుతున్నారు. తాయారు తండ్రి నాంచారయ్య ఆ హాలు గేటు దగ్గర టిక్కెట్లు చింపుతూనే ముసలివాడయ్యాడు. ఇప్పుడు మంచం దిగలేడు. "సాయంత్రం ఎండలో మన హాలు ఒక్కసారి చూడాలనుందే" అన్నాడు. నీటిరంగులతో బొమ్మ వేసి తెస్తానని తాయారు మాటిచ్చింది.

నీడకి నల్లరంగు పులిమి మొదట వేసిన బొమ్మ చూసి, "హాలు గానీ తగలబడిందా ఏమిటే?" అన్నాడాయన.

ఇక మిగిలింది ఈ ఒక్క సాయంత్రమే. బొమ్మలు నేర్పే గురువు హుసేనయ్య గారిని వెంటబెట్టుకుని, హాలు ఎదుట రోడ్డు పక్కన కూర్చుంది. పడమటి గోడ మీద పచ్చటి ఎండ. ముందు గోడంతా నీడ. కాగితమంతా లేత పసుపు పూసి ఆరబెట్టింది. నీడ కోసం నల్లరంగు డబ్బీ మూత తీసింది.

హుసేనయ్య గారు తన నల్లగొడుగు విప్పి, ఆ నీడగోడ ఆమెకి సగమే కనబడేలా అడ్డం పట్టుకున్నారు.

"అడ్డం తియ్యండి గురువుగారూ! పొద్దు వాలిపోతోంది!"

"చూడమ్మా."

చూసింది. గొడుగు నల్లగా ఉంది. దాని పక్కన గోడ నల్లగా లేదు. నేరేడుపండు రంగులో ఉంది. కింద రోడ్డు దగ్గర ఇటుక ఎరుపు కూడా ఉంది.

తాయారు నల్లరంగు డబ్బీ మూసేసింది. ముదురు నీలంలో ఇటుకరంగు కలిపింది. భయం భయంగా కలిపిందేమో, పలచగా వచ్చింది.

"పులుసా, నీళ్లా?" అన్నారు గురువుగారు. "ఆరితే ఇంకా వెలిసిపోతుంది."

ఈసారి రెండు రంగులూ దండిగా తీసుకుంది. కుంచె నిండా ముంచి, పైనుంచి కిందికి ఒక్క ఊపున దించింది. గోడ కిందికొచ్చేసరికి నీలంలోంచి ఎరుపు తనంతట తానే పాకింది.

"ఇదిగో, ఈ మూల కొంచెం సరిచేస్తాను" అంది తాయారు.

"కుంచె ఇటియ్యి, తడి మీద కెలికితే చెడుతుంది" అన్నారాయన. తీసుకుని జేబులో పెట్టుకున్నారు.

దీపాలు పెట్టే వేళకి ఇద్దరూ ఇంటికొచ్చారు. నాంచారయ్య బొమ్మని కళ్ల దగ్గరగా పెట్టుకున్నాడు. ఉన్నట్టుండి మోచేతుల మీద లేచాడు.

"మ్యాట్నీ వదిలే వేళ!" అని కేకేశాడు. "ఒరే, తలుపులు తియ్యండ్రా! జనం వచ్చేస్తున్నారు!"

ఆ కేకకి పక్కింటివాళ్లు కూడా వచ్చారు. అందరికీ బొమ్మ చూపించాడు. "మా అమ్మాయి వేసింది. ఆ ఎండ చూడండి! కళ్లు చికిలించాల్సిందే!"

తాయారు సిగ్గుపడుతూ గుమ్మం దగ్గరకొచ్చింది.

"ఎండకి నేను వేరే ఏమీ చెయ్యలేదు గురువుగారూ, ఆ లేత పసుపు అలాగే వదిలేశాను. నీడ వేశాను, అంతే."

హుసేనయ్య గారు చెప్పులు వేసుకుంటూ నవ్వారు.

"ఎండని ఎవరు వెయ్యగలరమ్మా?"