ఉమ్మ్ సలీం గడప దగ్గరి కుండ

పద్మనాభం గారిని ప్రశ్న అడిగితే ముందు చెప్పులు వేసుకుంటారు. జవాబు గదిలో దొరకదనీ, బయటికెళ్లి చూసుకోవాలనీ ఆయన నమ్మకం. అరబ్బు దేశంలోని ఒక ఎడారి నగరంలో ఏళ్ల తరబడి పాత కట్టడాలను బాగుచేయించిన మనిషి. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న వకుళ ఒక మధ్యాహ్నం తన నక్షా తెచ్చి బల్ల మీద పరిచింది.

"ఈ వీధిలో ఒక్క గోడ కూడా పోకుండా చూశాను సార్. ఇంకా ఏమైనా వదిలేశానా?"

అద్దాల మేడల మధ్య మిగిలిన ఆఖరి మట్టిగోడల వీధి అది. జనాన్ని కొత్త ఫ్లాట్లకు పంపి, ఇళ్లను ఉన్నవున్నట్టు నిలిపి, చూడవచ్చేవాళ్ల కోసం తెరవాలని వకుళ ప్రణాళిక. సగం వీధి అప్పటికే ఖాళీ అయింది. మిగిలిన సగం శుక్రవారం ఖాళీ చేయించాలి. దానికి పద్మనాభం గారి సంతకం ఒక్కటే తక్కువ. పిల్ల ఆ పనికి ప్రాణం పెట్టింది, ఆ మాట ఒప్పుకోవాలి.

ఆయన చెప్పులు వేసుకున్నారు.

ఆ వీధిలో ప్రతి గడప పక్కనా గోడలో ఒక గూడు, గూట్లో ఒక నీళ్ల కుండ ఉంటాయి. దారిన పోయేవాళ్ల కోసం ఇంటివాళ్లు తెల్లవారగానే దాన్ని నింపి పెట్టాలి, అది అక్కడి ఆచారం. మన చలివేంద్రం లాంటిదే, కాకపోతే వాళ్లకు ఏడాదంతా వేసవే. ఖాళీ చేయించి బాగుచేసిన ఇళ్ల దగ్గర వకుళ ఆ కుండలనూ మరిచిపోలేదు. కడిగించి, పగుళ్లు అతికించి, పక్కన వివరం రాసిన పలక పెట్టించింది.

ఇద్దరూ నీడపట్టున నిలబడ్డారు. రోడ్డు పని చేసే ఒకతను ఎండలోంచి వచ్చి మొదటి కుండ మూత తీశాడు. లోపలికి చూసి మళ్లీ జాగ్రత్తగా మూశాడు. పక్కింటి దగ్గరా అంతే. వీధి సగం దాటి, ఇంకా మనుషులున్న ఇంటి ముందు ఆగి గటగటా తాగాడు. వకుళకు అది చూడ్డం కష్టమైంది.

వాళ్లు దగ్గరికి వెళ్లారు. అతను జగిత్యాల వైపు మనిషి, పేరు ఎల్లేశం. ఇంతలో ఆ ఇంటి ముసలమ్మ ఉమ్మ్ సలీం తలుపు తీసి, వకుళ మెడలోని ఆఫీసు కార్డు చూసి అరబ్బీలో ఏదో అడిగింది. ఎల్లేశం తెలుగులో చెప్పాడు.

"శుక్రవారం నేను పోయినంక ఈ కుండ ఎవలు నింపుతరని అడుగుతాంది మేడం."

"కుండ ఎక్కడికీ పోదని చెప్పు," అంది వకుళ.

ఎల్లేశం ఆ మాట చెప్పాడు. ముసలమ్మ మిగతా జవాబు కోసం అలాగే నిలబడింది.

గురుశిష్యులిద్దరూ ఆఫీసుకు తిరిగొచ్చారు. బల్ల ముందు నిలబడి, "అయితే సంతకం పెట్టరా సార్?" అని అడిగింది వకుళ.

పద్మనాభం గారు కలానికి మూత పెట్టేసి నక్షాను ఆమె వైపు జరిపారు.

"కుండ ఎక్కడుందో చక్కగా గుర్తుపెట్టావమ్మా. దాహం ఎక్కడుందో కూడా గుర్తుపెట్టి తీసుకురా."