వంటవాణ్ణి ఎందుకు పట్టుకున్నారు?

వెనకటికి నందిగిరి రాజ్యాన్ని ధీరకేసరి అనే రాజు ఏలుతుండేవాడు. మనిషి చెడ్డవాడు కాడు గాని దర్పం జాస్తి. "మా భటులు ఒకణ్ణి పట్టుకున్నారంటే మేం పట్టుకున్నట్టే. ఎందుకని అడగడం మమ్మల్ని అవమానించడమే" అని చాటింపు వేయించాడు.

ఒకనాడు భటులు బుట్టలల్లే సూరయ్యను సంతలోంచి లాక్కుపోయారు. అతని భార్య నాగులమ్మ కోట గుమ్మం దగ్గర కనబడ్డవాళ్లనల్లా అడిగింది. ఎవరూ పెదవి విప్పలేదు. చివరికి ఆస్థానంలో చతురుడని పేరున్న వల్లభన్న ఎదురైతే అతని కాళ్ల మీద పడింది.

"మా ఆయన ఏం చేశాడు బాబూ? ఎక్కడ పెట్టారు? అసలు బతికున్నాడా?"

"లేమ్మా. ఈ మాటలు రాజుగారి నోటే అడిగిస్తాను" అన్నాడు వల్లభన్న.

మర్నాడు రాజు భోజనానికి కూర్చున్నాడు. విస్తరి వేసి ఉంది. అన్నం లేదు.

"వంటవాడు పాపన్న ఏడీ?"

"పట్టుకుపోయారు ప్రభూ" అన్నాడు పక్కనే నిలబడ్డ వల్లభన్న.

"ఏం నేరం చేశాడు?"

"అది చెప్పే ఆనవాయితీ లేదు ప్రభూ."

"ఎక్కడున్నాడు?"

"అదీ చెప్పకూడదు."

"మాకు ఒక్క మాటైనా చెప్పకుండానా! వాణ్ణి న్యాయాధికారి ముందుకు తీసుకురండి. వాడి తరఫున మేమే మాట్లాడతాం!"

"చిత్తం. కాని ఇలా అడగడం రాజుగారికి అవమానమట."

రాజు ముఖం ఎర్రబడింది. "మా మనిషిని ఎత్తుకుపోతే మేం అడక్కూడదుటోయ్?"

"అడగాలి ప్రభూ. బుట్టలల్లే సూరయ్య భార్య నాగులమ్మ కూడా నిన్నటినుంచి తన మనిషి కోసం ఇవే అడుగుతోంది. ఆమె ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు."

రాజు ఖాళీ విస్తరి వంక చూశాడు. తర్వాత భటుల నాయకుణ్ణి పిలిపించి, సూరయ్య తప్పేమిటని అడిగాడు.

వాడు నసిగాడు. "తమరి పల్లకీకి ఎదురుగా తుమ్మాడు ప్రభూ."

"తుమ్మాడా!" రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి, చివరకు సిగ్గుపడ్డాడు. అక్కడికక్కడే సూరయ్యను వదిలెయ్యమని చెప్పి, కొత్త చాటింపు వేయించాడు. ఎవరిని పట్టుకున్నా కారణం చెప్పాలి, ఇంటివాళ్లకు కబురు పెట్టాలి. మర్నాటి పొద్దు గుంకేలోగా న్యాయాధికారి ముందు నిలబెట్టాలి. తన తరఫున మాట్లాడే మనిషిని తెచ్చుకోనివ్వాలి. కొట్టి నేరం ఒప్పించకూడదు.

"ఇంతకీ మా పాపన్న ఎక్కడోయ్?"

"మా ఇంట్లో గుత్తివంకాయ వండుతున్నాడు ప్రభూ. తమరికీ పీట వేయించాను."

రాజు మళ్లీ నవ్వి, తన మెడలోని ముత్యాలహారం తీసి వల్లభన్న మెడలో వేసి, ఆకలిగా అతని వెంట నడిచాడు.

అదే వేళకు కోట గుమ్మం దగ్గర సూరయ్య బయటికొచ్చాడు. నాగులమ్మ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏం చేశావయ్యా అసలు?"

"తుమ్మానే."

"పద, ఇంటికెళ్లి మిరియాల చారు పెడతాను" అంది కళ్లు తుడుచుకుంటూ.