సన్యాసమ్మ గాడిద ముగ్గు

ఊ కొట్టేవాళ్ళుంటే చెబుతాను. కొట్టకపోతే గోడకైనా చెబుతాను.

ఊళ్ళు చిన్నవిగా, దారులు పొడుగ్గా ఉన్న కాలంలో ఒక ఊళ్ళో ఒక వీధి ఉండేది. ఆ వీధి చివరింట్లో సన్యాసమ్మ అనే ఒంటరి మనిషి ఉండేది. వేడి ఇసకలో జొన్నలు వేయించి పేలాలు అమ్ముకునేది. అదే ఆవిడ బతుకు.

సన్యాసమ్మకు మూడు ఇష్టాలుండేవి.

లోకమంతా తెల్లగా విచ్చుకున్న పేలాలు తింటే, ఆవిడ అడుగున మిగిలిన గింజల్ని, పేలకుండా మాడువాసన వేసేవాటిని, పటపటా నమిలేది.

పంతులుగారు అరుగు మీద కథ చదువుతుంటే అందరూ యుద్ధం కోసం, పెళ్ళి కోసం చెవులు రిక్కించేవారు. సన్యాసమ్మ మాత్రం, "ఆ నడుమ ముసల్ది రాజుగారబ్బాయికి అంబలి పోసింది గదా బాబూ, ఆ ముక్క మళ్ళీ చదువు" అనేది.

వీధంతా వాకిట్లో పద్మాలు వేస్తే, ఆవిడ గాడిదను వేసేది. ఒక చెవి పైకి, ఒక చెవి కిందికి.

ఎవరేమన్నా ఒకటే మాట. "మీకు పద్మం ఇష్టం, ఏసుకోండి. నాకు గాడిద ఇష్టం, ఏసుకుంటాను."

ఏడాదికోసారి ఆ వీధిలోకి అమ్మవారి ఘటం వచ్చేది. పసుపునీళ్ళు నింపిన కుండను తలకెత్తుకుని అసిరయ్య నడిచేవాడు. ఘటం తల మీద ఉన్నంతసేపూ అతను అసిరయ్య కాదు, సాక్షాత్తూ అమ్మే. అది ఊరి నమ్మకం. ప్రతి గడప ముందూ ముగ్గులో నిలబడితే ఇంటివాళ్ళు కాళ్ళు కడిగి మొక్కేవారు. ఏ గడప ముందైనా ఘటం ఆగకపోయిందా, ఆ ఇంటి చేతి తిండి ఏడాదిపాటు ఎవరూ ముట్టరు.

ఆ ఏడు ఊరిపెద్ద నాయుడు చాటింపు వేయించాడు. అమ్మ అడుగుపెట్టే చోట పద్మమే ఉండాలి. గాడిద ఉన్న గడప ముందు ఘటం ఆగదు.

ముందు పక్కింటి బంగారమ్మ వచ్చింది. "ఒక్కరోజుకి పద్మం ఏసెయ్యవే అప్పా. గాడిదేటి, అలిగిపోద్దా?"

"అది అలగదు. నేనే అలుగుతాను."

తర్వాత పంతులుగారు వచ్చారు. "పద్మం వెయ్యి సన్యాసమ్మా. నీ అంబలి ముక్క రోజూ చదువుతాను."

"రోజూ ఇంటే దానికి రుచుండదు బాబూ."

చివరికి నాయుడే వచ్చాడు. "నీ పేలాలెవరు కొంటారో నానూ చూస్తాను. ఏడాదంతా నువ్వే నమలాల."

సన్యాసమ్మ తన పేలాల బుట్ట వంక చూసుకుంది. ఏడాదంటే ఎంత పొడుగో ఒంటిపొయ్యి వాళ్ళకే తెలుసు.

ఘటం రోజు తెల్లవారగానే వాకిలి అలికి పద్మం వేసింది. బాగానే వచ్చింది. ఎదురుగా కూర్చుని చూసింది. ఎవరింటి వాకిట్లోనో కూర్చున్నట్టు అనిపించింది. తడిచేత్తో చెరిపేసి గాడిదను వేసింది. ఈసారి రెండు చెవులూ కిందికే వాలిపోయాయి.

డప్పులు మోగాయి. ఘటం వచ్చింది. పద్మం దగ్గర ఆగింది, పద్మం దగ్గర ఆగింది, ఇంకో పద్మం దగ్గర ఆగింది. చివరింటికి వచ్చేసరికి నాయుడు ముందుకు పొమ్మని చెయ్యి ఊపాడు. అసిరయ్య అడుగు ముందుకు వేస్తూ వేస్తూ కిందికి చూశాడు.

ఎవరో తిట్టినట్టు ముఖం వేలాడేసుకుని గాడిద అతన్నే చూస్తోంది.

అసిరయ్య పెదవి వణికింది. భుజాలు వణికాయి. ఆపుకోలేక ఫక్కుమని నవ్వాడు. కుండ ఒరిగి పసుపునీళ్ళు గాడిద మీద, గడప మీద, సన్యాసమ్మ పాదాల మీద పడ్డాయి.

డప్పులు ఆగిపోయాయి.

"నవ్వింది అసిరిగాడు, అమ్మ కాదు. పదండి!" అన్నాడు నాయుడు.

బంగారమ్మ నడుం మీద చెయ్యేసుకుంది. "అదేటి బాబూ, ఘటం ఇంకా దించనేదు గదా! అయితే ఇందాకట్నించి మనం కడిగినవి అసిరిగాడి కాళ్ళేనా? పొద్దున్నే మీరు సాష్టాంగపడి మొక్కింది ఆడికేనా?"

నాయుడు ఘటం వంక చూశాడు. జనం వంక చూశాడు. వీధంతా అతని వంక చూసింది.

"అమ్మ ఆగింది," అన్నాడు. "కాళ్ళు కడుగమ్మా."

సాయంత్రానికి పేలాలన్నీ అమ్ముడుపోయాయి. గొణిగినవాళ్ళూ కొన్నారు, గొణుగుతూనే తిన్నారు.

మరుసటేడు బంగారమ్మ తన వాకిట్లో కోడిపెట్టను వేసింది. ఆ పైయేడు ఇంకెవరో కుండెడు చేపలు వేశారు. ఇంకొన్నాళ్ళకు సన్యాసమ్మ పోయింది. ఇల్లూ పడిపోయింది.

ఇప్పటికీ ఆ వీధిలో ఘటం రోజున ఒక వాకిట్లో కుట్టుమిషను ఉంటుంది, ఒక వాకిట్లో ఆవకాయ జాడీ ఉంటుంది, ఇంకో వాకిట్లో అదేమిటో వేసినవాళ్ళకే తెలుస్తుంది. బాగుందా లేదా అని ఎవరూ అనరు. "నీకు నచ్చిందా?" అని అడుగుతారు. నచ్చిందంటే, తొక్కకుండా పక్కనుంచి నడుస్తారు.

చివర, ఇల్లు లేని ఆ ఖాళీ నేల ముందు కూడా ఘటం ఆగుతుంది. అక్కడ కడిగేవాళ్ళు ఉండరు, మొక్కేవాళ్ళు ఉండరు. వీధి వీధంతా నిలబడి ఒక్కసారి నవ్వుతుంది. నవ్వు రాకపోతే, వచ్చేదాకా డప్పు మోగదు.