సొర వీపు మీద ముగ్గు

ఒకప్పుడు సముద్రంలోని పెద్ద సొరకి ఒంటి మీద ఒక్క చుక్క కూడా ఉండేది కాదు. తల నుంచి తోక దాకా మసి పట్టిన కుండలా నల్లగా ఉండేది. పొట్ట కూడా నలుపే. పైగా దానికి ఎప్పుడూ తొందర. ఇక్కడుంది అనుకునేలోపు అక్కడ తేలేది. ఇప్పుడు చూస్తే మీరు నమ్మరుగానీ, అప్పట్లో దాన్ని అందుకోవడం ఏ చేపకీ చేతనయ్యేది కాదు.

ఆ రోజుల్లో ఒడ్డునున్న జాలరిపేటకి ఒక పద్ధతి ఉండేది. చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో వేట మానేసేవాళ్ళు. వలలు చుట్టి ఇంట్లో పడేసి, పిల్లా పాపతో, గిన్నే చెంబుతో పడవలెక్కి గవ్వలదీవికి పోయేవాళ్ళు. అదే వాళ్ళకి సెలవు. అబ్బో, ఏం దీవి అది! తెల్లటి ఇసుక, నీళ్ళ మీదికి వంగిన కొబ్బరిచెట్లు, అడుగున పడ్డ గవ్వ కూడా కనపడేంత తేట నీళ్ళు.

అక్కడికెళ్తే అందరికీ ఒకటే సరదా. బొప్పాయి కాడ చూశారుగా, లోపల డొల్లగా ఉంటుంది. దాని ఒక కొస నోట్లో పెట్టుకుని, రెండో కొస నీళ్ళపైకి ఉంచి, ముఖం ముంచి బోర్లా తేలేవాళ్ళు. ముక్కులోకి నీళ్ళు పోకుండా చీల్చిన కొబ్బరి ఈనె ఒకటి ముక్కుకి తగిలించుకునేవాళ్ళు. అలా తేలుతూ తాబేళ్ళనీ, మంచమంత వెడల్పూ కొరడాలాంటి తోకా ఉన్న టేకు చేపలనీ చూస్తుంటే వాళ్ళకి తిండి కూడా గుర్తుకొచ్చేది కాదు.

మరిడమ్మకి మాత్రం అది చేతకాలేదు. మరిడమ్మంటే పడవలు బాగుచేసే ఎర్రయ్య పెళ్ళాం. మనిషి భారీ, గొంతు అంతకన్నా భారీ. పేటలో ప్రతి పడవ ముక్కుకీ ముగ్గు పెట్టేది ఆవిడే. మొదటిసారి కాడ నోట్లో పెట్టుకోగానే ఇన్ని నీళ్ళు మింగి ఉక్కిరిబిక్కిరైపోయింది.

"నీకెందుకే ఈ ఈతలు? ఒడ్డున కూచుని కొబ్బరి ముక్క తినరాదా?" అని నవ్వాడు ఎర్రయ్య.

"నవ్వు మావా, నవ్వు. నీ నవ్వయ్యేలోపు నేర్చుకోకపోతే నన్నడుగు" అంది మరిడమ్మ.

మళ్ళీ మునిగింది. మళ్ళీ దగ్గింది. పిల్లలు చుట్టూ చేరి ఇకిలించారు. కళ్ళు చింతనిప్పులైనా సరే, ఆవిడ నీళ్ళలోంచి లేవలేదు. చివరికి కాడలోంచి బుస్సుబుస్సుమని ఊపిరి తీస్తూ హాయిగా తేలింది. నేర్చేసుకుంది!

మర్నాడు అలా తేలుతూ తేలుతూ కొంచెం లోతుకి పోయింది. కింద ఒక నల్లటి నీడ కదిలింది. పోనుపోను నీడ పెరిగింది. రెండు పడవలు కలిపినా అంత ఉండవు! మరిడమ్మ కెవ్వుమనబోయింది. కాడ జారిపోయి, నోట్లోకి నీళ్ళొచ్చేశాయి.

"అప్పా, భయపడకు. నా వీపు మీద చెయ్యేసి తేలు" అంది ఆ నీడ. అప్పా అంటే ఆ తీరంలో అక్కా అని. అది పెద్ద సొర. మిగతావాళ్ళు దాని నీడ చూస్తే చాలు, ఒడ్డుకి పరుగో పరుగు. ఇంక దాని మాట ఎవరు వింటారు? మరిడమ్మ ఒక్కతే చెయ్యేసింది, విన్నది.

"ఇంత నోరేసుకుని ఏం తింటావే?" అని అడిగింది కాస్త తేరుకున్నాక.

"చేప గుడ్లు, రొయ్య పిల్లలు. గొంతు సన్నం అప్పా, పెద్దవి దిగవు. ఈ దీవి దగ్గర గుడ్లు దండిగా దొరికేది ఈ రోజుల్లోనే. పైగా నేను కడుపుతో ఉన్నాను" అంది సొర.

"ఓలమ్మో! కడుపుతో ఉండి అలా పరుగులేంటే?" అని మరిడమ్మ కసిరింది. ఆ కసురుతోనే ఇద్దరికీ స్నేహం కుదిరిపోయింది. పొద్దున్నే ఈవిడ కాడ పట్టుకుని దిగడం, అది ఎదురుగా రావడం. దాని వీపు పట్టుకుని పగడాల గుట్టలన్నీ తిరిగొచ్చేది.

అంతా బాగానే ఉంది కదా. అప్పుడొచ్చింది తంటా.

ఊరి పెద్ద లచ్చన్న దీవికి అవతలి వైపున్న ఊట నుంచి మంచినీళ్ళు తెస్తున్నాడు. సొర గుడ్ల కోసం నీళ్ళపైకి వచ్చింది. అటువైపు లోతెక్కువ, నీళ్ళు నల్లగా ఉంటాయి. నల్లటి నీళ్ళలో నల్లటి సొర, ఎలా కనిపిస్తుంది చెప్పండి! పడవ ధడాలున దాన్ని గుద్దుకుంది. కుండలన్నీ పగిలిపోయాయి. పడవ చెక్కలు విచ్చుకున్నాయి. లచ్చన్న నీళ్ళలో పడి, ఈదుకుంటూ ఒడ్డుకొచ్చి పడ్డాడు.

"అది చేప కాదు, రాకాసి! రేపు తెల్లారగానే బల్లేలతో బయల్దేరాలి. దాన్ని పొడిచి ఒడ్డుకి లాగందే నేను అన్నం ముట్టను" అని అరిచాడు.

"నువ్వెళ్ళి దాన్ని గుద్దావు పెద్దయ్యా! అది నిన్ను గుద్దలేదు. అది కడుపుతో ఉంది, నాకు చెప్పింది" అంది మరిడమ్మ.

"చేప చెప్పిందట!" అని అందరూ గొల్లున నవ్వారు.

లచ్చన్న నవ్వలేదు. "ఇదిగో మరిడమ్మా, ముగ్గున్న పడవైతే నేనే పక్కకి తప్పుకునేవాణ్ణి. దానికి గుమ్మమా, గడపా, ముగ్గా? ఊరూ పేరూ లేని నల్ల చేప. దాని కోసం నాతో తగువా?" అన్నాడు.

ఆ పేటలో అదొక కట్టుబాటు. ముగ్గున్న చోటు ఎవరిదో ఒకరి గుమ్మం కింద లెక్క. ముగ్గున్న పడవ ఎదురైతే తప్పుకోవాలి. ముగ్గు మీదికి బల్లెం ఎత్తకూడదు. ముగ్గు చెరిగిపోతే మాత్రం ఆ మర్యాద లేదు.

మరిడమ్మ అక్కణ్ణుంచి గబగబా నీళ్ళలోకి దిగింది. "ఒలే, ఈ దీవి వదిలి పారిపో" అని సొరకి చెప్పింది.

"ఎక్కడికి పోను అప్పా? ఇక్కడి తిండి వదిలేస్తే కడుపులో పిల్లలు దక్కవు" అని సొర ఏడుపు గొంతుతో అంది. మరిడమ్మ దాని వీపు నిమిరింది.

"అయితే పోవద్దులే. నీకూ ఒక గుమ్మం పెడతాను" అంది.

ముందు ఏం చేసిందో తెలుసా? బియ్యప్పిండి తెచ్చి దాని వీపు మీద ముగ్గు వేసింది. నవ్వకండి! పుట్టిన దగ్గర్నుంచి పిండితోనే ముగ్గేసిన చెయ్యి, ఇంకేం తోస్తుంది? ఒక్క అల వచ్చింది, ముగ్గంతా నీళ్ళపాలు. చిన్న చేపలు వచ్చి మిగిలిన పిండి నాకి పోయాయి.

"ఛీ, నా బుర్రకి ఇది ముందే తట్టొద్దూ" అని తనని తానే తిట్టుకుంది మరిడమ్మ. ఒడ్డుకొచ్చి, గవ్వలు పోగేసి కాల్చి సున్నం చేసింది. సున్నం ఒక్కటే నీళ్ళకి నిలవదు. నిలవాలంటే గుగ్గిలం కావాలి. పడవ చెక్కల సందుల్లోంచి నీళ్ళు రాకుండా నూనెతో కాచి పూస్తారే, ఆ జిగురు. ఎర్రయ్య అప్పటికే లచ్చన్న పడవ కోసం దాన్ని పొయ్యి మీద కాస్తున్నాడు.

"మావా, ఆ కుండ ఇటియ్యి."

"ఇది పెద్దయ్య పడవకే! ఇచ్చేస్తే రేపు నన్ను పొడుస్తాడు."

"పడవ ఎల్లుండి కూడా బాగుచేసుకోవచ్చు. పోయిన ప్రాణాన్ని ఎల్లుండి బాగుచేస్తావా?"

ఎర్రయ్య పెళ్ళాం ముఖంలోకి చూశాడు. ఆ చూపు ఆయనకి కొత్త కాదు. కుండ దించి, సున్నం కలిపి, తనే గరిటెతో తిప్పాడు.

తెల్లవారుతుండగానే మరిడమ్మ కుండ నెత్తిన పెట్టుకుని, కాడ నోట కరుచుకుని నీళ్ళలోకి దిగింది. సొర వీపు పైకి తేల్చింది. తడి తుడిచి మొదటి వరస చుక్కలు పెట్టింది. సొరకి చక్కిలిగింతలు పుట్టాయి, గిరుక్కున తిరిగింది. చుక్కలన్నీ అలుక్కుపోయాయి.

"కదలకే! ఇది ఆరేదాకా కదలకూడదు!"

"నాకు ఆగడం రాదు అప్పా! పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఎప్పుడూ ఆగలేదు!"

"నాకూ తేలడం రాదు. వచ్చిందా లేదా? నువ్వూ నేర్చుకో!"

గీకేసి మళ్ళీ మొదలుపెట్టింది. సొర పళ్ళు బిగించింది. తోక మెల్లగా, మరీ మెల్లగా ఆడించింది. గుగ్గిలం వేడికి మరిడమ్మ వేళ్ళు బొబ్బలెక్కాయి. ఆ వేళ్ళతోనే చుక్క పక్కన చుక్క, వరస పక్కన వరస పెట్టుకుంటూ పోయింది. మధ్యలో గీతలు లాగింది. తల మీద సన్న చుక్కలు, వీపు మీద పెద్ద చుక్కలు, తోక దగ్గరకొచ్చేసరికి ఓపికను బట్టి పడిన చుక్కలు.

ఇంతలో తెడ్ల చప్పుడు వినిపించింది. పడవలొచ్చేశాయి. అందరికన్నా ముందు లచ్చన్న, అడిగి తెచ్చుకున్న పడవలో బల్లెం ఎత్తి నిలబడ్డాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

"ఏటిది మరిడమ్మా?"

"కనపడట్లేదా? మా గుమ్మం!" అని మరిడమ్మ సొర వీపు మీద అడ్డంగా కూర్చుంది. "నేను ముగ్గేసిన చోటు నా గుమ్మమే. పొడుస్తావా? పొడుచుకో. ముందు నన్ను పొడిచి, తర్వాత దాన్ని పొడువు."

వెనక పడవల్లో వాళ్ళు బల్లేలు దించేశారు. లచ్చన్నకి మాత్రం పట్టుదల తగ్గలేదు.

"చేపంటే పరిగెత్తేది. పరిగెత్తితే పచ్చి ముగ్గు చెరుగుతుంది. అది ఈ పడవ చుట్టూ తిరిగి రావాలి. ఒక్క చుక్క చెరిగినా నేను ఆగను. నువ్వు దిగు" అన్నాడు.

మరిడమ్మ సొర చెవి ఉండే చోట నోరు పెట్టి, "నీ పిల్లల మీద ఒట్టు, తొందరపడకు" అంది. అని నీళ్ళలోకి దిగింది. దిగేటప్పుడు కుండకి కాలు తగిలి, మిగిలిన తెల్లటి ముద్దంతా కిందికి కారి సొర పొట్టకి అంటుకుపోయింది.

సొర కదిలింది. ఎదురుగా బల్లెం మెరుస్తోంది. ఒంట్లో ప్రతి నరమూ పారిపో పారిపో అంటోంది. అయినా అది పారిపోలేదు. నోరు బార్లా తెరిచి, బల్లెం కిందనుంచే, లచ్చన్న వంగితే చెయ్యి తగిలేంత దగ్గరగా, మెల్లమెల్లగా వెళ్ళింది. ఆ నోట్లోకి గుడ్లు, రొయ్య పిల్లలు తప్ప ఏమీ పోకపోవడం అందరూ చూశారు. దాని నిండు పొట్టనీ చూశారు.

చుట్టు పూర్తయింది. ఒక్క చుక్క చెరగలేదు.

లచ్చన్న బల్లెం పడవలో పడేశాడు. "తెడ్డు ఇటెయ్యండిరా. ముగ్గు తొక్కకుండా పక్కకి తిప్పండి" అన్నాడు. మరిడమ్మ నీళ్ళలోనే భోరుమని ఏడ్చేసింది.

సెలవు రోజులైపోయాయి. పడవలు బయల్దేరేముందు సొర మరిడమ్మ దగ్గరకొచ్చి, "ఇంకెప్పుడూ పరిగెత్తకూడదా అప్పా?" అని అడిగింది.

"పిల్లలు పుట్టి పెద్దయ్యేదాకా పరిగెత్తకు. వాళ్ళకీ పుట్టగానే నువ్వే ముగ్గు పెట్టు. నాలాగే పెట్టాలని లేదు, నీకొచ్చినట్టు పెట్టు" అంది మరిడమ్మ.

అప్పటినుంచే పెద్ద సొర ఒంటి నిండా తెల్లటి చుక్కలూ గీతలూ, తెల్లటి పొట్టా ఉంటాయి. ఏ రెండు సొరల చుక్కలూ ఒక్కలా ఉండవు, ఏ తల్లి ముగ్గు ఆ తల్లిదే మరి. అప్పటినుంచే అది మనుషులు పక్కన ఈదుతున్నా బెదరకుండా, నోరు తెరుచుకుని మెల్లగా వెళ్తుంది. ఒంట్లో పరుగు లేక కాదు. కడుపులో పిల్లలున్నారని.