బాలింత గదిలో పొయ్యి

కూర్మదాసుగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కాదు, మరో ప్రశ్న వేసేవారు. అది తప్పించుకోవడమని కొత్తవాళ్లు అనుకునేవారు. పాతవాళ్లకి మాత్రం తెలుసు, ఆ రెండో ప్రశ్న సరిగ్గా మనం చెప్పకుండా వదిలేసిన చోటే వచ్చి తగులుతుందని. ఆయన సన్యాసి కాదు. చింతపల్లి కొండల అంచున పాలగెడ్డ అనే చిన్న ఊళ్లో నలభై ఏళ్లు కొలిమి నడిపిన కమ్మరి. చేతులు వణకడం మొదలయ్యాక సుత్తిని కొడుక్కి అప్పగించి, అరుగు మీద కూర్చుని తత్త్వాలు పాడుకునేవారు. వినడానికి వచ్చినవాళ్లే మెల్లగా శిష్యులయ్యారు. ఆయన ఎవరినీ రమ్మనలేదు, ఎవరినీ పొమ్మనలేదు.

ఆ శిష్యుల్లో లోవనాయుడు ఒకడు. కొండవాలులో కాఫీ తోట, మిరియాల పాదులు ఉన్న రైతు. యాభై దాటినవాడు. నలుగురిలో నోరు విప్పని మనిషి. ఒక పుష్యమాసం పొద్దున, మంచు ఇంకా విడవకముందే అతను ఒక్కడూ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చాలాసేపు దుప్పటి అంచుని వేళ్లతో మెలిపెడుతూ ఉండిపోయాడు. చివరికి అన్నాడు:

"సామీ, మనిషి మీద ప్రేమ ఎక్కువైతే అది తప్పా?"

"ఎవరికి ఎక్కువైంది?" అన్నారు కూర్మదాసుగారు.

అప్పుడు నాయుడు ఉన్న సంగతంతా చెప్పాడు. అతనికి ఒక్కతే కూతురు, నూకరత్నం. ఆ పిల్ల పుట్టిన పన్నెండో రోజున తల్లి గంగమ్మ జ్వరమొచ్చి పోయింది. బాలింతకి చలిగాలి తగిలిందని ఊళ్లో అందరూ అన్నారు. నాయుడు మళ్లీ పెళ్లి చేసుకోలేదు. అక్క పైడమ్మని ఇంటికి తెచ్చుకుని కూతుర్ని పెంచాడు, చదివించాడు, అనకాపల్లిలో సంబంధం చూసి పంపాడు. ఇప్పుడు రత్నం తొలికాన్పుకి పుట్టింటికొచ్చి ఆడపిల్లని కన్నది. పాపకి పద్దెనిమిది రోజులు. ఈసారి ఆ గదిలోకి దారప్పోగంత గాలి కూడా రానివ్వకూడదని నాయుడు ఒట్టు పెట్టుకున్నాడు. నర్సీపట్నంలో పాత ఆయిలు డ్రమ్ముతో ఒక ఇనుప పొయ్యి చేయించాడు. గోడలోంచి బయటికి పొగగొట్టం పెట్టించాడు. కిటికీ రెక్కల సందుల్లో గోనెపీలికలు కుక్కాడు. గడప కింద గొంగళి దూర్చాడు. తను నిద్ర మానుకుని ఆ పొయ్యి ఆరకుండా కాపు కాశాడు.

"ఇంత చేస్తే, నిన్న నా కూతురు ఏటన్నాదో తెలుసా సామీ? 'నాన్నా, నన్ను మా ఇంటికి పంపించెయ్యి, ఇక్కడ నాకు ఊపిరాడటం లేదు' అన్నాది. మా ఇల్లంట! కన్నతండ్రి దగ్గర ఊపిరాడటం లేదంట!"

కూర్మదాసుగారు తల వంచుకుని విన్నారు. "ఆ మాట ఎక్కడ కూర్చుని అంది?"

"ఎక్కడేటి, గదిలోనే. పొయ్యి పక్కన మంచం మీద."

"ఇంకేమంది?"

"తలనొప్పి అన్నాది. కాసేపు వాకిట్లో కూర్చోబెడితే తగ్గిపోతుందట. చల్లగాలిలోకెళితే తగ్గే తలనొప్పి ఎక్కడైనా ఉంటాదా? నా నుంచి దూరంగా పోడానికి సాకు గానీ..."

ఆ మాట పూర్తి కాలేదు. కూర్మదాసుగారు అప్పటికే అరుగు దిగేశారు. చెప్పులు కూడా తొడుక్కోలేదు.

"ఎక్కడికి సామీ?"

"నీ కూతురి దగ్గరికి. నడు. నడవడం కాదు నాయుడూ, పరిగెత్తు."

శిష్యుడిగా ఉన్న పద్దెనిమిదేళ్లలో గురువుగారు పరిగెత్తగా చూడటం అదే మొదటిసారి అని నాయుడు తరవాత చెప్పాడు. డెబ్బై మూడేళ్ల మనిషి పంచె ఎగగట్టి, మంచులో తడిసిన రాళ్లదారిన ముందు పోతుంటే, ఏమీ అర్థం కాని నాయుడు వెనక పడ్డాడట.

ఇంటి పెరట్లో పైడమ్మ స్నానానికి నీళ్లు కాస్తోంది. వీళ్లని చూసి నోటి మీద వేలు పెట్టింది. "గట్టిగా మాటాడకండి. తల్లీ పిల్లా ఇద్దరూ నిద్దరోతన్నారు. ఇయాల పాప పాలకి కూడా ఏడవలేదు, అంత బాగా పడుకుంది."

ఆ చివరి మాటకి కూర్మదాసుగారి మొహం పాలిపోయింది. వెళ్లి తలుపు తోశారు. గొంగళి అడ్డుపడింది. భుజంతో ఒక్క తోపు తోశారు.

గదిలో పొగ లేదు. పొయ్యిలో నిప్పులు ఎర్రగా, నిశ్శబ్దంగా, చూడముచ్చటగా ఉన్నాయి. రత్నం మంచం మీద కళ్లు సగం మూసుకుని ఉంది. పిలిస్తే పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. లేవబోయిన చెయ్యి మళ్లీ వాలిపోయింది. కూర్మదాసుగారు ఉయ్యాల్లోంచి పాపని రెండు చేతుల్లోకీ తీసుకున్నారు.

"నాయుడూ, నీ కూతుర్ని ఎత్తుకో. బయటికి."

నాయుడు దుప్పటితో సహా కూతుర్ని ఎత్తుకున్నాడు, గడప దాకా వచ్చాడు, అక్కడ ఆగిపోయాడు. బయట మంచుగాలి రివ్వున కొడుతోంది. ఇరవై నాలుగేళ్ల భయం అతని కాళ్లని పట్టుకుంది.

"గాలి తగులుతాది సామీ."

"తగలనీ!"

ఆయన కేకెయ్యడం నాయుడు వినడం కూడా అదే మొదటిసారి. గడప దాటాడు. వాకిట్లో నులకమంచం మీద కూతుర్ని పడుకోబెట్టి, మెడ దాకా దుప్పటి కప్పి, ముఖం మాత్రం విడిగా ఉంచాడు. పైడమ్మ గుండెలు బాదుకుంటూ వచ్చింది: "బాలింతని మంచులో పడేస్తారేట్రా, మీకు మతిపోయిందా!" కూర్మదాసుగారు పాప ఒళ్లు తన ఉత్తరీయంలో చుట్టి, ముఖం గాలికి తిప్పి, అరికాళ్లని బొటనవేలితో రుద్దుతూ నిలబడ్డారు. పాప ఊపిరి తీస్తోంది గాని, ఉందో లేదో అన్నట్టు తీస్తోంది. ఎంతసేపు గడిచిందో నాయుడు చెప్పలేడు. చివరికి పాప ముక్కు చీదింది, ముఖం చిట్లించింది, ఏడ్చింది. కొండల్లో ప్రతిధ్వనించేంత ఏడుపేమీ కాదు, పిల్లికూనలాంటి ఏడుపు. అది విని లోవనాయుడు మంచం కోడు పట్టుకుని మట్టిలో కూలబడ్డాడు. తనూ ఏడ్చాడు. రత్నం మెల్లగా చెయ్యి చాపి తండ్రి తలమీద పెట్టింది.

ఆటోలో ఇద్దర్నీ ఆసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరమ్మ ఆక్సిజన్ పెట్టించింది. రెండు రోజులు ఉంచుకుని, భయం లేదని పంపేసింది. పంపుతూ నాయుడితో అంది: "మూసిన గదిలో ఊపిరి చాలని నిప్పు విషం కక్కుతుంది. దానికి రంగుండదు, వాసనుండదు. ముందు తలనొప్పి వస్తుంది, తరవాత నిద్ర వస్తుంది. ఆ నిద్రలోంచి అందరూ లేవరు." నాయుడు ఆ మాటల్ని పొలం పత్రాలు దాచుకున్నట్టు మనసులో దాచుకుని ఇంటికొచ్చాడు. రాగానే గొడ్డలి వెనక్కి తిప్పి పొయ్యిని బద్దలుకొట్టబోయాడు.

అక్కడే కూర్చుని ఉన్న కూర్మదాసుగారు గొడ్డలి పట్టుకున్నారు. "తల్లీపిల్లలకి చలి వెయ్యదా? దీని తప్పేముంది? నువ్వు దీన్ని ఎలా వాడావో ముందు చెప్పు."

గొట్టం ఊడదీశారు. లోపల వేలెడు మందాన మసి, తారులా అంటుకుని ఉంది. మధ్యలో గొట్టాన్ని మూసే తిప్పుడు రేకు ముప్పాతిక మూసి ఉంది.

"ఇది ఎందుకు మూశావు?"

"వేడంతా గొట్టంలోంచి పైకి పోతోందని."

"ఆ కట్టెలు పచ్చివి కదా. ఎండువి లేవా?"

"ఎండువి గబగబా అయిపోతన్నాయి సామీ. పచ్చివైతే నిలుస్తాయని."

"నిలిచాయి," అన్నారు కూర్మదాసుగారు. "మండలేదు."

ఆ రోజంతా కమ్మరి, రైతు ఆ పొయ్యి ముందు చిన్నపిల్లల్లా కూర్చున్నారు. కర్రకి గుడ్డపీలికలు కట్టి గొట్టంలో మసి అంతా దులిపారు. గొట్టానికీ, దానికి దగ్గరగా ఉన్న దూలానికీ మధ్య రేకు ముక్క బిగించారు. పొయ్యి మీద దండెం కట్టి పైడమ్మ ఆరేసిన పాప గుడ్డల్ని తీసి గది అవతలి మూలకి మార్చారు. అడుగున బూడిద వేలెడు ఉంచి మిగతాది ఇనుప బక్కెట్టులోకి ఎత్తి, మూతపెట్టి పెరట్లోకి పంపారు. బూడిదలో నిప్పు రెండు రోజులైనా దాక్కుని ఉంటుందని కూర్మదాసుగారు చెప్పారు. కట్టెల కుప్ప దగ్గర ఆయన రెండేసి కట్టెలు తీసి ఒకదానితో ఒకటి కొట్టి చూపించారు. పచ్చివి దబ్బుమన్నాయి, ఎండువి ఖణేలుమన్నాయి. చివర్లలో నెర్రెలు విచ్చిన కట్టెల్ని మాత్రమే ఏరి, మణికట్టు లావున చీల్పించారు. గోనెపీలికలన్నీ లాగేసి, కిటికీ పై రెక్క జానెడు తెరిచారు. గడప కింది గొంగళి తీసి దులిపి పక్కన పడేశారు.

"మా నాన్న కొలిమి పాకకి తలుపు పెట్టనివ్వలేదు," అన్నారు ఆయన, పుల్లలు అడ్డం నిలువు పేరుస్తూ. "ఊళ్లో దొంగలున్నారయ్యా అంటే, ఇనుము పోతే మళ్లీ కొనుక్కుంటాను, మనిషి పోతే ఎక్కడ కొంటాను అనేవాడు."

నిప్పు పెట్టాక ఆయన నాయుణ్ణి బయటికి తీసుకెళ్లి గొట్టం చివర చూపించారు. మొదట తెల్లటి పొగ గుబగుబా వచ్చింది. కాస్సేపటికి పలచబడింది. తరవాత పొగే లేదు. గొట్టం పైన గాలి మాత్రం సన్నగా వణుకుతోంది. "పొగ అంటే మండకుండా పోయిన కట్టె. అది కనిపిస్తున్నంతసేపు నీ కష్టం ఆకాశం పాలు," అన్నారు. లోపలికొచ్చి చూస్తే, కిటికీ తెరిచి ఉన్నా గది మునుపటికంటే వెచ్చగా ఉంది. నాయుడు నమ్మలేక గోడ తాకి చూశాడు, నేల తాకి చూశాడు. ముందు రోజుల్లో పగటిపూటకే మోపెడు కట్టె పట్టేది. ఇప్పుడు అందులో సగం కూడా కాలేదు.

మర్నాడు రత్నాన్నీ పాపనీ మళ్లీ ఆ గదిలోకి తెచ్చారు. కిటికీలోంచి సన్నటి ఎండచార వచ్చి మంచం మీద పడింది. పైడమ్మ ఆ కిటికీ వైపు పగవాణ్ణి చూసినట్టు చూసింది. నాయుడు కూతురి కాళ్ల దగ్గర కూర్చుని అడిగాడు:

"అమ్మా, ఆ రోజు ఊపిరాడటం లేదన్నావు..."

"పొయ్యి గురించి అన్నాను నాన్నా."

"పొయ్యి గురించేనా?"

రత్నం పాప చెవి వెనక సవరిస్తూ తల దించుకుంది. "ఎక్కువగా పొయ్యి గురించే."

ముందు పైడమ్మకి నవ్వొచ్చింది. తరవాత అందరికీ వచ్చింది. నాయుడికి మాత్రం నవ్వాలో వద్దో తెలియలేదు. అది చూసి రత్నం తండ్రి చెయ్యి దగ్గరికి లాక్కుంది. "మూడో నెల దాకా ఉంటాను నాన్నా. కానీ రోజూ ఓ పూట నన్ను ఎండలో కూర్చోనివ్వాలి. అనకాపల్లికి ఫోను చేసినప్పుడు నువ్వు తలుపు దగ్గర నిలబడకూడదు. పాప ఏడిస్తే మీ ఇద్దరూ ఒక్కసారిగా లేవకూడదు, నేను లేస్తాను."

"ఇంకా?" అన్నాడు నాయుడు, నేరం ఒప్పుకున్నవాడిలా.

"ఇంకేం లేదు. నువ్వు కూడా కాస్త నిద్రపో."

నాయుడు తల ఊపాడు. తల ఊపడం తేలికే. మాట మార్చడానికి పొయ్యి వైపు తిరిగి, ఒక కట్టె అందుకున్నాడు. మూల కూర్చున్న కూర్మదాసుగారు ఊరికే చూశారు. నాయుడు కట్టె కింద పెట్టేశాడు. పొయ్యిలో మంట పసుప్పచ్చగా, నిలకడగా, గొట్టం వైపు ఒరిగి ఆడుతోంది. రత్నం పాపకి పాలిస్తూ కళ్లు మూసుకుంది. పైడమ్మ బియ్యం ఏరుకుంటోంది. గదిలో ఎవరికీ ఏమీ కావలసి లేదు. ఆ సంగతిని నాయుడు ఎంతోసేపు తట్టుకోలేకపోయాడు. వద్దనుకుంటూనే చెయ్యి మళ్లీ కట్టెల మీదకి పోయింది. ఒకటి తీశాడు, పొయ్యి తలుపు దాకా తీసుకెళ్లాడు.

కూర్మదాసుగారు లేచి వచ్చారు. అతని పక్కన చతికిలబడి, చేతిలోంచి ఆ కట్టెని మెల్లగా తీసుకుని, తిరిగి మోపు మీద పెట్టారు.

"మండుతోంది కదా నాయుడూ," అన్నారు. "ఇంక కూర్చో."